వంపు దగ్గరి ఒండ్రు

యంత్రం తప్పు చెబుతోందని నమ్మడానికి లేజరమ్మ పొద్దుటినుంచీ నానా తంటాలూ పడుతోంది.

ఆమెకు ఆ పేరు పెట్టింది ల్యాబులో పనిచేసే బిళ్ళలాయన. ఆయనకు బిళ్ళలాయన అని పేరు పెట్టింది ఆమె. అక్కడికి లెక్క సరిపోయింది. నది అడుగున పేరుకున్న మట్టిని ఓవెన్‌లో ఎండబెట్టి, జల్లించి, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరి, ప్రెస్సు కింద పెట్టి కోటు బొత్తాలంత బిళ్ళలుగా నొక్కడం ఆయన పని. ఆ బిళ్ళల మీద లేజరు కొట్టించి, వాటిలో ఏ మూలకం ఎంతుందో తేల్చడం ఆమె పని. చూసేవాళ్ళకు అందులో చూడ్డానికేమీ ఉండదు. లేజరు తగిలిన చోట వెంట్రుక మందాన చిన్న గుంట పడుతుంది. లేచిన ధూళిని హీలియం వాయువు సన్నటి గొట్టంలోంచి మోసుకుపోతుంది. అవతల ప్లాస్మా మంట సూర్యుడి ఒంటికన్నా వేడిగా మండుతూ ఉంటుంది. అందులో పడ్డ ధూళి పరమాణువులుగా విడిపోతే, యంత్రం వాటిని బరువును బట్టి వేరుచేసి లెక్కపెడుతుంది. సీసం ఇంత, కాడ్మియం ఇంత, ఆర్సెనిక్ ఇంత.

ఈ పనిలోనే ఆమెకు జుట్టు నెరిసింది. మోకాళ్ళు అరిగాయి. ఎత్తు స్టూలు మీంచి దిగినప్పుడల్లా గోడ పట్టుకుని ఒక్క క్షణం నిలబడితే గాని అడుగు పడదు.

ఆ రోజు బిళ్ళలు నది బోర్డు వాళ్ళు పంపిన మట్టితో చేసినవి. నది పొడుగునా రకరకాల చోట్ల తీసిన మట్టి. అన్నీ మర్యాదగానే ఉన్నాయి గాని, ఊరు దాటాక నది మలుపు తిరిగే వంపు దగ్గరివి మాత్రం సీసం కక్కుతున్నాయి. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. దాని తోక పట్టుకుని కాడ్మియం కూడా.

గొట్టంలో పాత ధూళి మిగిలిపోతే, ముందు బిళ్ళ చేసిన పాపం తర్వాతి బిళ్ళ నెత్తిన పడుతుంది. అదే అయ్యుంటుందనుకుని గొట్టం మార్చింది. లోపల శుభ్రం చేసింది. తక్కువ సీసం ఉన్న బిళ్ళల్ని ముందు, ఎక్కువున్నవాటిని చివర పెట్టి మళ్ళీ నడిపింది. ఏది ఎంతుందో ముందే తెలిసిన బిళ్ళ ఒకటి ఉంటుంది, యంత్రం నిజాయితీ చూసుకోవడానికి. దాన్ని పెడితే యంత్రం పొల్లు పోకుండా ఉన్నదే చెప్పింది. వంపు దగ్గరివి పెడితే మళ్ళీ అదే పాట.

బిళ్ళలాయన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఎన్నిసార్లు కొడతారమ్మా? బిళ్ళ కాస్తా జల్లెడైపోతోంది."

"తప్పేమో అని."

"మీ యంత్రం ఎప్పుడైనా మీ మొహమాటానికి పోయిందా?"

ఆమె మళ్ళీ బిళ్ళ వైపు తిరిగింది. ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ వంపు దగ్గరి ఒండ్రు వాళ్ళ అక్క పెరట్లో ఉంది. వాళ్ళ అక్క పెరట్లోనే కాదు, వీధి వీధంతా ఉంది.

అక్క రిటైరైన డ్రిల్లు టీచరు. బడి మానేసింది గాని ఈల వేయడం మానలేదు. కొన్నేళ్ళ కిందట పెద్ద వరదొచ్చి తగ్గాక, వంపు దగ్గర నది వెన్నలాంటి ఒండ్రు వదిలిపోయిందని విని, బావను ట్రాలీ బండితో పంపి పెరడు నింపించింది. ఆ ఏడు ఆమె పెరట్లో టమాటాలు గుత్తులు గుత్తులుగా కాశాయి, ఆకుకూరలు చేటంత ఆకులేశాయి. అక్క ఊరుకుంటుందా. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, కూరలు చేతిలో పెట్టి, "ఇది నది మట్టి మహిమ. మీరూ తెచ్చుకోండి" అని చెప్పింది. వీధిలో వాళ్ళు బండ్లు కట్టించుకుని తెచ్చుకున్నారు. బండి లేనివాళ్ళు సంచుల్లో మోసుకొచ్చారు. ఏటా వరద తీశాక మళ్ళీ కొత్త ఒండ్రు వేసుకోవడం అలవాటైంది.

లేజరమ్మ పెళ్ళి చేసుకోలేదు. అక్కావాళ్ళ మేడ మీది గదిలో ఉంటుంది, కింద వాళ్ళతోనే తింటుంది. అంటే ఇన్నేళ్ళుగా ఆ కూరలు ఆమె కూడా తింటోంది. పగలంతా మట్టి కొలిచి ఇంటికొచ్చే మనిషికి, ఇంట్లో మట్టిని కూడా ఓసారి కొలిస్తే ఏం పోయింది అన్న ఆలోచన ఒకటి రెండుసార్లు రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ, అబ్బా ఇంటికొచ్చాక కూడానా అనుకుని పక్కకు తిరిగి పడుకుంది.

డైరెక్టరు గారు కాగితాలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మంచివాడే. అలిసిపోయిన మంచివాడు.

"నది పైన బ్యాటరీల ఫ్యాక్టరీ ఒకటుండేది. మూతపడి చాలా కాలమైంది. దాని పాపమే అయ్యుంటుంది. వరదకి కదిలొచ్చి వంపు దగ్గర ఆగింది. బోర్డుకి పంపుదాం. వాళ్ళు చదవాలి, కమిటీ వెయ్యాలి, కమిటీ టీలు తాగాలి."

"ఈలోగా మా వీధిలో వాళ్ళు తింటూనే ఉంటారు సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "చెప్పొద్దని నేననను. కానీ నదిలో మట్టి వేరు, పెరట్లో మట్టి వేరు. పెరట్లోది కొలవకుండా ఎవరికీ ఏమీ చెప్పకండి. తర్వాత మాట వెనక్కి తీసుకోవడం కష్టం."

సరే సార్ అంది. ఇంటికెళ్ళేదాకా ఆ మాట గుర్తుంది కూడా.

అక్క కూరగిన్నె ముందుకు తోసింది. లేజరమ్మ గరిటె పట్టుకుని, వదిలేసింది.

"ఏంటే, ఉప్పెక్కువైందా?"

"లేదక్కా. ఆకలి లేదు."

"ఆకలి లేనిదానివి కంచం ముందు కూర్చోవడం దేనికి? ఆఫీసులో ఎవరైనా ఏమన్నా అన్నారా?"

అక్కముందు అబద్ధం ఆడడం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతకాదు. కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. వంపు దగ్గరి మట్టిలో సీసముందని, అది ఆకుకూరలకు అంటుకుని, దుంపలకు పట్టి మనిషి ఒంట్లోకి చేరుతుందని, పెద్దవాళ్ళకన్నా పిల్లలకు ప్రమాదమని, వాళ్ళ చదువుకూ ఎదుగుదలకూ దెబ్బని. బావ నమలడం ఆపి కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు.

అక్క అంతా విని, చెయ్యి తుడుచుకుంది.

"నా మట్టి కొలిచావా?"

"వంపు దగ్గరి మట్టి కొలిచానక్కా."

"నేనడిగింది నా మట్టి."

"లేదు."

"మరి ఏం చూసి చెప్తున్నావు? పక్కింట్లో దొంగ దొరికితే మన ఇంట్లో వాళ్ళ చేతులు కట్టేస్తామా? మీ బావ నడుం విరిగేలా మోసుకొచ్చిన మట్టి అది. ఈ వీధిలో ఇల్లిల్లూ తిరిగి వేసుకోండర్రా అని చెప్పింది నేను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తీసెయ్యండర్రా అనమంటావు?"

"నేను నీ మంచికే…"

"ఇన్నేళ్ళూ తిన్నావుగా. అప్పుడు తెలీలేదా నీ మిషనుకి?"

లేజరమ్మ కంచం ముందునుంచి లేచింది. మెట్లెక్కి వెళ్ళి పడుకుంది. డైరెక్టరు గారు చెప్పిందీ అక్క చెప్పిందీ ఒకటేనని తెలిశాక, ఇంక కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

మర్నాడు సాయంత్రం ఆమె వచ్చేసరికి మేడ మెట్ల మీద, మెట్టుకొకటి చొప్పున మట్టి సంచులు కూర్చుని ఉన్నాయి. ఒక్కోదానికీ చీటీ గుచ్చి ఉంది. 'దర్జీ', 'నర్సమ్మ', 'మూలింటి తాత', ఇంకా వీధిలో అందరివీ. పై మెట్టు మీది సంచికి 'మాది' అని ఉంది. అక్క కింద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏ ఇంటి సంగతి ఆ ఇంటికి విడిగా చెప్పాలి. గుంపులో గోవిందా అంటే ఒప్పుకోను."

"వాళ్ళకేం చెప్పి తెచ్చావు?"

"మా చెల్లెలు మట్టి బలం చూసి పెడుతుందన్నాను. అబద్ధం కాదుగా."

బిళ్ళలాయన సంచులు చూసి, గోరుచుట్టు మీద రోకటి పోటన్నాడు. నది బోర్డు పనే ఇంకా తెమల్లేదు. కానీ డైరెక్టరు గారు ఊ అన్నాక ఆయన కూడా సణుగుతూనే ఎండబెట్టాడు, సణుగుతూనే నూరాడు. మిగతా పనుల సందుల్లో, భోజనం వేళల్లో, లేజరమ్మ వీధినంతా ఒక్కొక్క ఇల్లుగా లేజరు కింద పెట్టింది. దర్జీ ఇల్లు పెట్టినప్పుడు తెర మీద సీసం గీత ఒక్కసారిగా పైకి లేచింది. నర్సమ్మ ఇల్లూ అంతే. మూలింటి తాతది ఇంకా ఎక్కువ. ప్రతి ఇంటికీ ఒక మొహం ఉంది, ఆ మొహం కళ్ళ ముందుకు వస్తోంది. ముక్కూ మొహం తెలియని నది మట్టి కొలవడం ఎంత సుఖమో ఆమెకు అప్పుడు తెలిసింది.

అందరివీ అయ్యాక 'మాది' పెట్టింది.

గీత లేవలేదు. సీసం ఎక్కడైనా మామూలు నేలలో ఉండేంతే ఉంది. కాడ్మియం ఉందో లేదో తెలియనంత.

మొదట ఆమెకు కలిగింది సంతోషం. ఆ సంతోషానికి వెంటనే సిగ్గేసింది. ఆ వెనకే భయం. అందరి మట్టీ చెడ్డది, కొలిచిన మనిషి అక్క మట్టి మాత్రం బంగారం అంటే వీధిలో ఎవరు నమ్ముతారు? తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినట్టే. బిళ్ళలు తారుమారయ్యాయేమోనని బిళ్ళలాయన చేత సంచిలో మిగిలిన మట్టితో కొత్త బిళ్ళ నొక్కించింది. ఆయన నొచ్చుకున్నాడు, నొక్కాడు. అదే జవాబు.

అప్పుడు ఆమె సీసాన్ని వదిలేసి మిగతా మూలకాల వైపు చూసింది. యంత్రం అడిగినా అడక్కపోయినా అన్నీ కొలిచి పెడుతుంది. సాధారణంగా ఆ అంకెల జోలికి ఎవరూ పోరు. జిర్కోనియం, సీరియం, థోరియం, పేర్లే సరిగా నోరు తిరగనివి. ఒక నది తెచ్చిన మట్టిలో ఇవన్నీ ఒకదానికొకటి ఒకే పాళ్ళలో ఉంటాయి, ఒక తల్లి పిల్లలందరికీ ఒకే ముక్కు ఉన్నట్టు. దర్జీ పెరడు, నర్సమ్మ పెరడు, తాత పెరడు, అన్నిటికీ నది ముక్కే ఉంది. అక్క పెరటికి లేదు. అక్క పెరట్లో ఉన్నది అసలు నది మట్టే కాదు.

ఆమె స్టూలు మీదే చాలాసేపు కూర్చుండిపోయింది. కంచంలోకి చూస్తూ ఉండిపోయిన బావ గుర్తొచ్చాడు.

బావ ఇంటి వెనక నిలిపిన ట్రాలీ బండిలో కూర్చుని రేడియో వింటున్నాడు. బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ స్టీరింగు ముందు కూర్చుంటేనే ఆయనకు విశ్రాంతి. ఆమె అవతలి తలుపు తీసి పక్కన ఎక్కి కూర్చుంది.

"బావా, మన పెరట్లో మట్టి ఎక్కడిది?"

"నదిదే."

"ఏ నదిది?"

ఆయన రేడియో కట్టేశాడు. బండి అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడను చూశాడు.

"కొత్త పోస్టాఫీసుకి పునాదులు తవ్వారు చూడు. ఆ నదిది."

లేజరమ్మకు నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక అది లోపలే ఆగిపోయింది.

"నదికి వెళ్ళలేదని కాదు మరదలా. మొదటిరోజు వెళ్ళాను. ఆ గట్టు చూశాను. దిగడమే గాని బస్తాతో ఎక్కడం నా వల్ల కాదు. నా నడుం సంగతి నీకు తెలుసుగా. ఖాళీ బండితో వస్తే మీ అక్క ఊరుకోదు. దార్లో పునాది దగ్గర వాళ్ళు మట్టి పట్టుకుపొమ్మని బతిమాలుతున్నారు. నల్లగా, మెత్తగా బాగానే ఉంది. వాళ్ళే ఎత్తిపోశారు కూడా. కాస్త నీళ్ళు చిలకరించి తెచ్చాను. మీ అక్క గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి, మట్టంటే ఇదీ అంది. ఇంక ఏం చెప్పమంటావు?"

"ఆ తర్వాతైనా చెప్పొచ్చుగా."

"చెప్దామనే అనుకున్నా. మర్నాటికి వీధంతా చెప్పేసింది. ఇక నేను నోరెత్తితే దాని పరువేం కాను. ఏటా ఎక్కడ పునాది తవ్వితే అక్కడికి వెళ్ళాను." స్టీరింగు మీద చెయ్యి వేసి, "ఆ మట్టిలో ఏం లేదు కదా?" అన్నాడు.

"మన దాంట్లో ఏం లేదు."

ఆ 'మన' అన్న మాట ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. బావ మెల్లగా దాని అర్థంలోకి దిగాడు. అందరూ చూసింది అక్క పంటను. మెచ్చుకుంది నదిని. ఆ పంట వెనక ఉన్నది అక్క చేతులూ, అక్క వేసిన ఎరువూ, ఎవరో పునాదిలోంచి తీసి పారేసిన మట్టీ. దాన్ని చూసి వీధి వీధంతా నిజంగానే నదికి వెళ్ళింది.

"మీరు చెప్తారా, నేను చెప్పనా?" అంది లేజరమ్మ.

"నువ్వు చెప్పు. నేను పక్కన కూర్చుంటాను."

అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. లేజరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బావ కుర్చీలో, ఫెయిలైన పిల్లాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తన మట్టి మంచిదని వినగానే అక్క మొహం విప్పారింది.

"చెప్పానా నేను? ముందే చెప్పానా?"

"అది నది మట్టి కాదక్కా. అందుకే బాగుంది."

పునాదుల సంగతి అంతా విన్నాక అక్క చేతిలో ఉన్న దుప్పటిని మడతపెట్టింది. విప్పి, మళ్ళీ మడతపెట్టింది. బావ తిట్లకు సిద్ధమై భుజాలు ముడుచుకున్నాడు. తిట్లు రాలేదు.

"వాళ్ళది మాత్రం నిజంగా నదిదేనా?"

"అవునక్కా."

"అందరిదీ?"

"అందరిదీ."

"నా కూరలు చూసే కదే వాళ్ళు తెచ్చుకున్నది." అక్క మంచం అంచున కూర్చుంది. జీవితమంతా నిటారుగా నిలబడమని పిల్లలకు చెప్పిన మనిషి నడుం వంచుకుని కూర్చోవడం లేజరమ్మ అప్పుడే చూసింది. "నేనే చేతిలో పెట్టి మరీ చెప్పాను."

బావ ఏదో అనబోయాడు. అక్క ఆయన వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. ఆయనకు దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత మరదలి దగ్గర వాపోయాడు.

ఆదివారం పొద్దున దర్జీ కొట్టు అరుగు మీద వీధిలో వాళ్ళంతా చేరారు. అక్క కబురు పెడితే రాకుండా ఉండే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు. లేజరమ్మ తేల్చింది చెప్పింది. ఏ ఇంటిది ఎంతో, ఎంత దాటితే ప్రమాదమో, ఎవరిది ఎంత దాటిందో. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే ఆఫీసు కాగితంలా వినిపించింది. అయిపోయాక దర్జీ కళ్ళజోడు పైకి తోసుకుని అడిగాడు.

"మరి మీ ఇంటిదేమ్మా? ముందు తెచ్చింది మీరే కదా."

లేజరమ్మ నోరు తెరిచేలోగా అక్క లేచి నిలబడింది.

"మాది శుభ్రంగా ఉంది. ఎందుకో చెప్తాను, వినండి. చెల్లెలు నాకోసం అంకెలు మార్చిందని రేపు మీరు అనుకోకూడదు. మా ఆయన బద్ధకస్తుడు. నేను నదికి పంపితే ఆయన నదికి వెళ్ళలేదు. పోస్టాఫీసు పునాది మట్టి తెచ్చి నది మట్టని పోశాడు. నేను నమ్మాను. నన్ను చూసి మీరు నమ్మారు."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. డ్రిల్లు టీచర్ని బురిడీ కొట్టించిన మొగుణ్ణి చూడ్డానికి అందరూ మెడలు తిప్పారు. బావ గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. నవ్వుతున్న వాళ్ళకు ఒక్కొక్కరికే, అయితే మన మట్టి మాటేమిటి అన్నది తట్టింది.

"మా మనవరాలు," అన్నాడు దర్జీ, "ముల్లంగి పీకి, ఫ్రాకుకి తుడుచుకుని అక్కడే తినేస్తుందమ్మా. వద్దన్నా వినదు. నేనే మంచిదని ఊరుకున్నాను."

నర్సమ్మ ముందుకొచ్చి, సీసం ఎంతుందో నెత్తురు తీసి చూడొచ్చని, పిల్లలందర్నీ మర్నాడు తాను పనిచేసే ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పింది. ఆమెకూ ఇద్దరు పిల్లలు. చెబుతున్నప్పుడు ఆమె గొంతు బాగానే ఉంది గాని, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

మూలింటి తాత మాత్రం ఒప్పుకోలేదు.

"నేనిన్నేళ్ళూ తిన్నాను. రాయిలా ఉన్నాను. ఇప్పుడీ వయసులో నాకు సీసమేం చేస్తుంది, వెండేం చేస్తుంది?"

ఇంకోరోజైతే లేజరమ్మ వాదించేదేమో. "మీరు తినండి తాతగారూ. మీ ఇంటికొచ్చే పిల్లలకి పెట్టకండి చాలు" అంది. ఆయన దానికి సిద్ధంగా లేడు. కాసేపు గొణిగి, తర్వాత అందరికన్నా ముందు తన పెరడే తవ్వించుకున్నాడు.

తీసిన మట్టిని ఎక్కడ పొయ్యాలన్నది ఇంకో బాధ. నదిలో పోస్తే మొదటికే మోసం. మున్సిపాలిటీ వాళ్ళు లారీ పంపుతామన్నారు, పంపలేదు. లేజరమ్మ ఫోన్లు చేసింది, డైరెక్టరు గారి చేత చేయించింది, స్వయంగా వెళ్ళి బల్లల ముందు నిలబడింది. ఒక బల్ల వాళ్ళు ఇంకో బల్ల చూపించారు. అన్నిచోట్లా సీసమంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ఈలోగా వీధి పొడుగునా మూతి కట్టిన బస్తాలు గోడలకు ఆనుకుని కూర్చున్నాయి.

ఆ బస్తాలు మోసింది బావ. ఎవరూ అడగలేదు. అరుగు మీద మాట్లాడుకున్న మర్నాడే పార తీసుకుని దర్జీ ఇంటికి వెళ్ళాడు. దర్జీ వద్దన్నాడు. బావ వినిపించుకోలేదు. దర్జీ ఇల్లయ్యాక నర్సమ్మ ఇల్లు, ఆ తర్వాత పక్కిల్లు. మధ్యమధ్య పారకు ఆనుకుని నడుం పట్టుకుని ఆగుతాడు. మళ్ళీ వంగుతాడు. నదిగట్టు ఎక్కనన్న మనిషి వీధి మొత్తం గుమ్మాలెక్కి దిగాడు. చూసినవాళ్ళు మొదట జోకులేశారు, తర్వాత మంచినీళ్ళిచ్చారు, ఆ తర్వాత వాళ్ళూ తలో పార పట్టారు.

అక్క ఆయనతో మాట్లాడడం మానేసింది. ఎదురుగా ఉన్నా చెల్లెలి చేత చెప్పించేది. "మీ బావని అడుగు, కాఫీ కావాలేమో." "మీ బావతో చెప్పు, ఆ బనీను చిరిగిందని." లేజరమ్మ పగలు సీసం లెక్కలు, రాత్రిళ్ళు ఈ రాయబారాలు మోసి అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయింది.

పిల్లల నెత్తురు ఫలితాలు వచ్చాయి. చాలామందికి భయపడేంత లేదు. దర్జీ మనవరాలికి మాత్రం ఎక్కువుంది. డాక్టరు మందులు అక్కర్లేదన్నాడు గాని, మట్టికి దూరంగా ఉంచమని, తిండి ఎలా పెట్టాలో చెప్పి, కొన్నాళ్ళకోసారి తెచ్చి చూపించమన్నాడు. తర్వాత చూపిస్తే కాస్త తగ్గింది. ఇంకా తగ్గుతుందన్నారు. ఆ పిల్లకు ఇందులో ఏదీ పట్టలేదు. సూది గుచ్చినందుకు మాత్రం నర్సమ్మ ఎదురైతే మొహం తిప్పుకుంటోంది.

దర్జీ ఒకరోజు దారిలో అక్కను ఆపాడు. "మీరు మంచికే చెప్పారమ్మా. మీమీద నాకేం లేదు" అన్నాడు. అక్క ఇంటికొచ్చి ఆ మాట చెల్లెలికి చెప్పి, "తిట్టినా పోయేది" అంది. ఆ పూట సరిగా తినలేదు.

నది బోర్డు కమిటీ చివరికి వంపు దగ్గర మట్టి తీయరాదని పలక పాతించింది. లారీ కూడా వచ్చి బస్తాలు ఎత్తుకుపోయింది. పై ఒండ్రు తీసేశాక కింది నేల ఎలా ఉందో కొలవాల్సిన పని మిగిలింది. వీధి వాళ్ళ మట్టి మళ్ళీ సంచుల్లో, బావ బండిలో ల్యాబుకు చేరడం మొదలైంది. ఆఖరి సంచులు తేవాల్సిన రోజున బావ నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. అక్కే తెచ్చింది.

చెల్లెలు ఇన్నేళ్ళు పనిచేసిన గదిని అక్క చూడ్డం అదే మొదలు. చెప్పులు బయట విప్పబోతే లేజరమ్మ వద్దంది. బిళ్ళలాయన ఆమె చేతిలోంచి సంచులు అందుకుని, టీచరుగారని తెలిసి ఎందుకో నిటారుగా నిలబడ్డాడు. అంతకుముందు వచ్చిన దర్జీ పెరటి బిళ్ళ అప్పుడే లేజరు కింద ఉంది. అక్క తెర మీద కనిపిస్తున్న బూడిదరంగు గరుకు నేలనూ, దానిమీద మెల్లగా జరుగుతున్న పచ్చటి చుక్కనూ చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికేనా రోజూ అంత అలిసిపోయి వస్తావు?"

"దీనికే."

అక్క గోడ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. యంత్రం పంపు ఒకటే శ్రుతిలో మూలుగుతోంది.

"బావకెలా ఉంది?" అని అడిగింది లేజరమ్మ.

"రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నొప్పెక్కడని అడిగాను."

"మాట్లాడావన్నమాట."

"నొప్పెక్కడని అడిగితే మాట్లాడినట్టా?" అక్క తల గోడకు ఆనించింది. "దర్జీ వాళ్ళది ఏమంటోంది?"

"ఇంకా కాలేదు. కాస్త ఆగు."

"ఆగుతాలే. నాకేం పనుంది."

పచ్చటి చుక్క వరస పూర్తిచేసి ఆగింది. గీత ఒక మాదిరిగా లేచి, చదునుగా పడుకుంది. ఉండకూడనంత కాదు. బొత్తిగా లేదనడానికీ లేదు. పిల్లల్ని ఆ నేలమీద ఆడుకోనివ్వొచ్చు గాని, దుంపలు మాత్రం ఇంకో రెండు మూడేళ్ళు వేయకూడదని చెప్పాలి. లేజరమ్మ ఆ మాట చెబుదామని వెనక్కి తిరిగింది. అక్క నోరు కాస్త తెరుచుకుని, ఒళ్ళో చేతిసంచీ పట్టుకునే నిద్రపోతోంది. బిళ్ళలాయన తలుపు తీసుకుని లోపలికి రాబోయి, ఆమెను చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

లేజరమ్మ స్టూలు దిగి, గోడ పట్టుకుని ఒక క్షణం నిలబడి, ఇంకో కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుంది. తర్వాతి బిళ్ళ పెట్టాలి. పెడుతుంది. కాసేపాగి.